వెన్నుపూసలో సిమెంటు: ఎవరికి, ఎప్పుడు, ఏ పద్ధతిలో

తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఎముకలు గుల్లబారిన మనిషికి వెన్నుపూస విరగాలంటే కిందపడనక్కర్లేదు. నీళ్ల బిందె ఎత్తినప్పుడు, గ్యాస్ సిలిండరు పక్కకు జరిపినప్పుడు, ఆటో గుంతలో పడి ఎగిరినప్పుడు, ఒక్కోసారి గట్టిగా దగ్గినప్పుడు కూడా పూస అణిగిపోతుంది. చేయో కాలో విరిగినట్టు ఇది రెండు ముక్కలు కాదు. లోపలి ఎముక నలిగిపోయి, ఎక్స్‌రేలో నలుచదరంగా కనిపించాల్సిన పూస ముందువైపు సన్నబడి కనిపిస్తుంది. వైద్యులు దీన్ని కంప్రెషన్ ఫ్రాక్చర్ అంటారు. వీపు నడుముతో కలిసే చోట ఉండే పన్నెండో వీపు పూస, మొదటి నడుము పూస ఎక్కువగా దీని పాలబడతాయి. రెండు మూడు పూసలు అణిగేసరికి మనిషి పొట్టిబడతాడు, గూని వస్తుంది, ఊపిరితిత్తులకూ పొట్టకూ చోటు తగ్గుతుంది. ఇలాంటి పగుళ్లలో వైద్యుడి దాకా వచ్చేవి దాదాపు మూడోవంతే. మిగతావి వయసు మీదపడిందనీ, నడుం పట్టేసిందనీ అనుకోవడంతోనే మరుగున పడిపోతాయి.

వైద్యుడి దాకా వచ్చినవారిలోనూ చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో నొప్పి దానంతటదే తగ్గుముఖం పడుతుంది. కష్టమంతా ఆ వారాలు గడవడంలోనే ఉంది. పక్కకు ఒత్తిగిలలేరు, లేచి కూర్చోలేరు, మరుగుదొడ్డికి వెళ్లాలంటే ఇద్దరు పట్టుకోవాలి. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి నెల రోజులు మంచాన పడితే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, వీపు మీద పడకపుండ్లు లేస్తాయి, కదలిక లేక ఎముక ఇంకా బలహీనపడుతుంది. నలిగిన పూసలోకి సూదితో ఎముక సిమెంటు ఎక్కించే చికిత్సలు ఈ కష్టకాలాన్ని కుదించడానికే వచ్చాయి. వీటిలో ప్రధానమైనవి రెండు: వెర్టిబ్రోప్లాస్టీ, కైఫోప్లాస్టీ.

ఈ విషయంలో హైదరాబాదులోని పంజాగుట్టకు ప్రత్యేకమైన స్థానం ఉంది. అక్కడి నేటి నిమ్స్ 1964లో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా, అంటే కేవలం ఎముకల వైద్యం కోసమే మొదలైంది. 1989లో రాష్ట్ర శాసనసభ చేసిన చట్టంతో విశ్వవిద్యాలయ హోదా పొందిన వైద్య విజ్ఞాన సంస్థ అయింది. అక్కడి నుంచి అమీర్‌పేట వైపు నడిస్తే దారి పొడవునా స్కానింగ్ కేంద్రాలు, ప్రైవేటు ఆసుపత్రులు, మందుల దుకాణాలు. జిల్లాల నుంచి నడుము బెల్టుతో వచ్చే పెద్దవాళ్లు, వెంట ఎంఆర్ఐ ఫిల్ముల కవరు పట్టుకున్న కొడుకో కోడలో ఈ దారిలో రోజూ కనిపిస్తారు. వారు అడిగే ప్రశ్న సాధారణంగా ఒకటే: మామూలు సిమెంటు వేయించాలా, బెలూన్‌తో వేయించాలా? ఖర్చులో తేడా చాలా ఉంటుంది కాబట్టి కుటుంబమంతా ఆ తేడా చుట్టూనే తర్జనభర్జన పడుతుంది. నిజానికి దానికంటే ముందు తేలాల్సినవి, దానికంటే ఎక్కువ ఫలితాన్ని నిర్ణయించేవి రెండు ప్రశ్నలు. అసలు ఈ రోగికి సిమెంటు అవసరమా? సిమెంటు వేసినా వేయకపోయినా ఆ ఎముకల జబ్బుకు మందు ఎవరు మొదలుపెడతారు?

జబ్బు ఎంత లోతుగా పాతుకుందో చెప్పడానికి విదేశీ లెక్కలు అక్కర్లేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వీణా శత్రుఘ్న బృందం తక్కువ ఆదాయ వర్గాలకు చెందిన 30 నుంచి 60 ఏళ్ల మహిళలు 289 మంది ఎముకల సాంద్రతను కొలిచి 2005లో ఫలితాలు ప్రచురించింది. తుంటి ఎముక మెడ దగ్గర చూస్తే వారిలో సుమారు 29 శాతం మందికి ఎముకలు గుల్లబారినట్టు తేలింది. అందరూ అరవైలోపు వాళ్లే. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం తిరుపతి పట్టణంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఆరోగ్యవంతులనే పరీక్షించి 2007లో ప్రచురించిన అధ్యయనం మరో సంగతి బయటపెట్టింది: ఏడాది పొడవునా ఎండ కాసే చోట కూడా విటమిన్ డి లోపం విస్తారంగా ఉంది, తిండిలో కాల్షియం చాలా తక్కువగా ఉంది. పాలు, పెరుగు సరిపడా అందని చిన్నతనం, వెంటవెంటనే కాన్పులు, ముందే ఆగిపోయే నెలసరి, కీళ్లనొప్పులకూ ఆయాసానికీ ఏళ్ల తరబడి మింగే స్టెరాయిడ్ మాత్రలు ఈ లోపానికి తోడవుతాయి.

తెలంగాణలో ఇంకో చిక్కు ఉంది. నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 1955లోనే వచ్చింది. ఫ్లోరైడ్ చేరిన ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది; సాంద్రతను కొలిచే డెక్సా పరీక్షలో అంకె ఎక్కువగానే వస్తుంది. సాంద్రత ఉన్నంత మాత్రాన బలం ఉన్నట్టు కాదు. అమెరికాలో ఒకప్పుడు సోడియం ఫ్లోరైడ్‌నే ఎముకలకు మందుగా ఇచ్చి చూశారు. 1990లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో నడుము పూసల సాంద్రత నాలుగేళ్లలో 35 శాతం పెరిగింది, పూసల పగుళ్లు మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, ఇతర ఎముకల పగుళ్లు పెరిగాయి. కాబట్టి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊళ్ల నుంచి వచ్చిన మనిషికి డెక్సా నివేదిక బాగుందని చెప్పి పంపేయడం ప్రమాదం. చిన్న కుదుపుకే పూస అణిగిందంటే, నివేదికలో అంకె ఏదైనా, ఎముక బలహీనంగా ఉన్నట్టే లెక్క.

ఇక సిమెంటు సంగతి. ఇది ఇంటి గోడల సిమెంటు కాదు. పాలీ మిథైల్ మెథాక్రిలేట్ అనే ఒక రకం ప్లాస్టిక్. పొడినీ ద్రవాన్నీ కలిపితే కొద్ది నిమిషాల్లో చిక్కబడి, వేడి పుట్టిస్తూ గట్టిపడుతుంది. తుంటి మార్పిడిలో లోహపు భాగాన్ని ఎముకలో నిలపడానికి ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ దీన్ని 1950ల చివర్లో వాడుకలోకి తెచ్చారు. వెన్నుపూసలోకి తొలిసారి ఎక్కించింది 1984లో, ఫ్రాన్స్‌లోని అమియాఁ పట్టణంలో. పియెర్ గాలిబెర్, ఎర్వే దెరామాఁ అనే వైద్యులు మెడ రెండో పూసలో రక్తనాళాల గడ్డతో బాధపడుతున్న ఒక మహిళకు ఆ పని చేశారు. నొప్పి పోయింది. 1987లో వారి నివేదిక ప్రచురితమయ్యాక ఆ పద్ధతి గుల్లబారిన ఎముకల పగుళ్లకూ పాకింది.

వెర్టిబ్రోప్లాస్టీలో రోగిని బోర్లా పడుకోబెడతారు. చాలాసార్లు చర్మానికీ ఎముక పైపొరకూ స్థానిక మత్తు, కొద్దిగా నిద్రమందు సరిపోతాయి. సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం తెర మీద చూస్తూ, పూస వెనుక భాగాన్ని ముందు భాగంతో కలిపే ఎముక వంతెన గుండా లావుపాటి సూదిని పూసలోకి దించుతారు. ఎక్స్‌రేలో కనిపించేలా బేరియం వంటిది కలిపిన సిమెంటును టూత్‌పేస్ట్ అంత చిక్కదనానికి వచ్చాక ఒత్తుతారు. ఒక పూసకు కొన్ని మిల్లీలీటర్లు చాలు. నలిగిన ఎముక సందుల్లోకి పాకి అది గట్టిపడుతుంది. పూస లోపల కదలిక ఆగిపోతుంది. నొప్పి తగ్గడానికి ఆ కదలిక ఆగిపోవడమే ముఖ్య కారణమని భావిస్తారు. పూస అణిగిన ఆకారంలోనే స్థిరపడుతుంది తప్ప మళ్లీ లేవదు. గంటలోపే పని అయిపోతుంది. రోగి అదే రోజో మర్నాడో నడవగలుగుతాడు.

కైఫోప్లాస్టీ 1998లో అమెరికాలో మొదలైంది. కాలిఫోర్నియాకు చెందిన ఎముకల వైద్యుడు మార్క్ రైలీ దీని రూపకర్త. దారి అదే, గొట్టం మాత్రం ఇంకా లావు. సాధారణంగా రెండు వైపుల నుంచీ వెళ్లి, పూసలో చిన్న బెలూన్లు పెట్టి ద్రవంతో ఉబ్బిస్తారు. నలిగిన ఎముక పక్కలకు ఒత్తుకుపోయి మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది, పూస పైకప్పు కొంత లేస్తుంది. బెలూన్ తీసేసి ఆ ఖాళీలో ఇంకా చిక్కటి సిమెంటును తక్కువ ఒత్తిడితో నింపుతారు. సమయం ఎక్కువ పడుతుంది, పూర్తి మత్తు ఇవ్వడం ఎక్కువ, ఒకసారి వాడి పారేసే పరికరాల వల్ల ఖర్చు చాలా రెట్లు పెరుగుతుంది. ఈ పరికరాల మార్కెట్ ఎంత పెద్దదంటే, దీన్ని తయారుచేసిన కైఫాన్ కంపెనీని 2007లో మెడ్‌ట్రానిక్ వందల కోట్ల డాలర్లు పెట్టి కొనుక్కుంది. ఏ పద్ధతి ప్రచారానికి ఎంత డబ్బు వెనక ఉందో తెలుసుకోవడం ప్రభుత్వ నిధులను కాపాడేవారికి అవసరం.

రెండింటినీ ముఖాముఖి పోల్చిన అధ్యయనాల్లో పెద్దది 2014లో వెలువడింది. అందులో 381 మంది రోగులు పాల్గొన్నారు. అనుకున్న సంఖ్య చేరకముందే దాన్ని ఆపేశారు. తేలినంతలో నొప్పి తగ్గడం, రోజువారీ పనులు చేసుకోగలగడం రెండు వర్గాల్లోనూ దాదాపు ఒక్కటే. సిమెంటు పక్కకు కారడం కైఫోప్లాస్టీలో కొంత తక్కువ. పూస ఎత్తు బెలూన్‌తో కాస్త ఎక్కువ లేచే మాట నిజమే. అయితే బెలూన్‌లోని ద్రవం తీయగానే లేచిన ఎత్తులో కొంత మళ్లీ పోతుంది. మిగిలిన ఆ కొద్ది మిల్లీమీటర్లు రోగి నడకనో నిద్రనో మార్చినట్టు గట్టి రుజువు లేదు. అందుకే రుజువులను బట్టి చూస్తే, మామూలు అణుగుడు పగులుకు ఎక్కువ ఖర్చు పెట్టి బెలూన్ ఎంచుకోవడానికి బలమైన కారణం కనిపించదు. పగులు కొత్తదై, పూస చాలా అణిగి, గూని స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు, పూస వెనుక గోడ చెదిరి సిమెంటు వెన్నుపాము వైపు కారే భయం ఉన్నప్పుడు బెలూన్‌కు న్యాయం ఉంది. పూస లోపలే లోహపు జాకీ లాంటి పరికరాన్ని తెరిచి వదిలేసే స్పైన్‌జాక్ పద్ధతి ఇంకా కొత్తది, ఖరీదైనది. ఎత్తు నిలబెట్టడంలో బెలూన్ కంటే మెరుగని ఒక అధ్యయనం చెప్పింది.

అసలు వివాదం ఈ రెండింటి మధ్య కాదు. సిమెంటుకూ సిమెంటు లేకపోవడానికీ మధ్య. 2009 ఆగస్టులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒకే సంచికలో రెండు అధ్యయనాలు అచ్చువేసింది. ఒకటి ఆస్ట్రేలియాలో రేచెల్ బుక్‌బైండర్ బృందం 78 మందితో చేసింది, రెండోది డేవిడ్ కాల్మ్స్ బృందం 131 మందితో. సగం మందికి నిజమైన వెర్టిబ్రోప్లాస్టీ, సగం మందికి దాని అనుకరణ. అనుకరణలోనూ మత్తు ఇచ్చారు, వీపు మీద ఒత్తారు, సిమెంటు ద్రవం సీసా తెరిచి ఘాటైన ఆ వాసన గదంతా నిండేలా చేశారు. సిమెంటు మాత్రం ఎక్కించలేదు. ఎవరికి ఏది జరిగిందో రోగులకు తెలియదు. రెండు వర్గాల్లోనూ నొప్పి తగ్గింది, దాదాపు సమానంగా తగ్గింది. ప్రపంచవ్యాప్తంగా లక్షల మందికి చేస్తున్న చికిత్స పునాదులే కదిలాయి.

ఆ ఫలితాల మీద వచ్చిన అభ్యంతరాల్లో బలమున్నవీ ఉన్నాయి. ఆ అధ్యయనాల్లోకి ఏడాది వయసున్న పగుళ్లను కూడా రానిచ్చారు. అప్పటికే మానిన పూసకు సిమెంటు వేసి ఉపయోగం లేదనడం ఎవరికీ కొత్త కాదు. భరించలేని నొప్పితో ఆసుపత్రిలో పడి ఉన్నవారు పరీక్షలో పాల్గొనడానికి ఒప్పుకోలేదు. ఎముక పైపొరకు ఇచ్చిన మత్తు ఇంజక్షనే ఒక చికిత్సగా పనిచేసి ఉండొచ్చు. 2010లో లాన్సెట్‌లో వచ్చిన నెదర్లాండ్స్ అధ్యయనం, వెర్టోస్ 2, ఆరు వారాలు మించని పగుళ్లున్న 202 మందిని తీసుకుని సిమెంటు వర్గానికి నొప్పి త్వరగా, ఎక్కువగా తగ్గిందని చెప్పింది. కాకపోతే అందులో రోగులకు తమకు ఏది జరిగిందో తెలుసు. అదే లోపం కైఫోప్లాస్టీ మీద 300 మందితో జరిగిన ఫ్రీ అధ్యయనంలోనూ ఉంది. అందులో కైఫోప్లాస్టీ చేయించుకున్నవారు నెల రోజులకు బాగా కోలుకున్నారు, ఏడాది దాటేసరికి తేడా తగ్గిపోయింది. కైఫోప్లాస్టీని ఇలా అనుకరణతో పోల్చి పరీక్షించిన పెద్ద అధ్యయనం లేదు. బెలూన్ పద్ధతి 2009 దెబ్బ నుంచి తప్పించుకోవడానికి ఈ పరీక్ష జరగకపోవడమూ ఒక కారణమని గుర్తుంచుకోవాలి.

2016లో ఆస్ట్రేలియా నుంచే వేపర్ అనే అధ్యయనం వచ్చింది. ఆరు వారాల లోపు పగులు, పదికి ఏడు లేదా అంతకంటే ఎక్కువ నొప్పి ఉన్న 120 మందినే తీసుకున్నారు. వారిలో చాలామంది ఆసుపత్రిలో చేరి ఉన్నవారు, పగులు మూడు వారాలు కూడా దాటనివారు. అనుకరణ వర్గానికి చర్మం కింద మాత్రమే మత్తు ఇచ్చారు. రెండు వారాలకు నొప్పి నాలుగు కంటే కిందికి దిగినవారు సిమెంటు వర్గంలో 44 శాతం, అనుకరణ వర్గంలో 21 శాతం. వీపు, నడుము కలిసే చోటి పూసలకు లాభం ఎక్కువగా కనిపించింది. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన వెర్టోస్ 4 మళ్లీ వెనక్కి లాగింది: తొమ్మిది వారాల దాకా వయసున్న పగుళ్లతో 180 మందిని పరీక్షిస్తే అనుకరణకూ సిమెంటుకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ అధ్యయనాలన్నిటినీ పక్కపక్కన పెడితే ఒక సంగతి నిలబడుతుంది. సిమెంటుకు అవకాశం ఉంటే అది పగులు తొలి వారాల్లో, మందులకు లొంగని తీవ్రమైన నొప్పి ఉన్న కొద్దిమందికే. అందరికీ వేసేది కాదు. ఎవ్వరికీ వేయకూడనిదీ కాదు.

దేశాల నిర్ణయాలు కూడా ఇలాగే ఊగాయి. అమెరికా ఎముకల శస్త్రవైద్యుల సంఘం 2010లో వెర్టిబ్రోప్లాస్టీ వద్దని గట్టిగా చెప్పింది. ఇంగ్లండులోని నైస్ సంస్థ 2013లో, సరైన నొప్పి మందులు వాడినా తగ్గని తీవ్ర బాధ, స్కానింగులో రుజువైన కొత్త పగులు ఉన్నవారికి రెండు పద్ధతులనూ అనుమతించింది. ఆస్ట్రేలియా 2011లో ప్రభుత్వ చెల్లింపు ఆపేసి, 2020లో ఆరు వారాల లోపు తీవ్రమైన పగుళ్లకు తిరిగి ఇచ్చింది. ఈ చివరి ఉదాహరణ తెలంగాణకు చాలా పనికొస్తుంది. చెల్లింపు ఉందా లేదా అన్నది ప్రధానం కాదు, ఏ షరతుతో ఉందన్నదే ప్రధానం.

ఆ షరతుల్లో మొదటిది ఎంఆర్ఐ. మామూలు ఎక్స్‌రే పూస అణిగిందని చెబుతుంది. ఎప్పుడు అణిగిందో చెప్పదు. కొవ్వు కాంతిని అణచి నీటిని వెలిగించే స్టిర్ అనే చిత్రవరుసలో కొత్త పగులు తెల్లగా మెరుస్తుంది, పాతది మెరవదు. మూడు పూసలు అణిగిన మనిషిలో ఏది ఇప్పటి నొప్పికి కారణమో ఈ ఒక్క చిత్రమే తేలుస్తుంది. పూస లోపల ఖాళీ మిగిలిపోయి అతుక్కోని పగుళ్లు కూడా అందులోనే బయటపడతాయి. వాటికి నెలలు గడిచాక కూడా సిమెంటు పనికిరావచ్చు. నడుము కిందిభాగానికే ఎంఆర్ఐ రాసిస్తే పైనున్న ఎనిమిదో, తొమ్మిదో వీపు పూస పగులు ఫిల్ములోకే రాదు. పగులు పైన ఉన్నా నొప్పి కింద తెలిసే సందర్భాలు చాలా ఉంటాయి. పేస్‌మేకర్ ఉండి ఎంఆర్ఐ కుదరనివారికి ఎముకల స్కాన్ మార్గం.

రెండో షరతు, అణిగిన ప్రతి పూసనూ గుల్లబారిన ఎముకగా భావించకపోవడం. ఇది క్షయ ఉన్న దేశం. వెన్నుపూస క్షయ, మల్టిపుల్ మైలోమా, రొమ్ము నుంచో ప్రోస్టేట్ నుంచో పాకిన క్యాన్సర్ అచ్చం ఇలాగే పూసను అణచగలవు. జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు ఎక్కువయ్యే నొప్పి, రక్తహీనత, పెరిగిన ఈఎస్ఆర్ ఉంటే సిమెంటుకు ముందే కారణం తేలాలి. చీము ఉన్న చోట సిమెంటు వేయకూడదు. అనుమానం మిగిలితే, ఎలాగూ సూది పూసలోకి వెళ్తోంది కాబట్టి అదే దారిలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. కాళ్లలో బలం తగ్గడం, మూత్రం మీద అదుపు పోవడం ఉంటే అది వెన్నుపాము నొక్కుకుపోతున్న సూచన. అక్కడ సూది చికిత్స చాలదు, శస్త్రచికిత్స వైద్యుడు వెంటనే చూడాలి.

ప్రమాదాలను పెద్దవి చేసి చెప్పడమూ దాచడమూ రెండూ తప్పే. సీటీ తీసి చూస్తే సిమెంటు ఎంతో కొంత పూస బయటికి కారడం చాలా మామూలు. వెర్టోస్ 2లో చికిత్స చేసిన పూసల్లో 72 శాతానికి కారింది, ఒక్కరికీ దానివల్ల బాధ కలగలేదు. అరుదుగా మాత్రం అది నరాన్ని లేదా వెన్నుపామును నొక్కుతుంది, సిరల్లోకి చేరి ఊపిరితిత్తులకు పోతుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2002లోనే దీని మీద హెచ్చరిక జారీ చేసింది. అందుకే రక్తం పలచబడే మందులు వాడేవారు ముందుగా చెప్పాలి, తెర స్పష్టంగా కనిపించే యంత్రం ఉండాలి, అవసరమైతే గంటలో వెన్ను శస్త్రచికిత్స చేయగల బృందం అదే ఆసుపత్రిలో ఉండాలి. సిమెంటు వేసిన పూస పక్కనున్న పూసలు త్వరగా విరుగుతాయన్న భయం అధ్యయనాల్లో రుజువు కాలేదు. సిమెంటు వేయించుకున్నవారు ఎక్కువ కాలం బతుకుతారన్న ప్రచారానికీ ఆధారం బలహీనమే. బీమా రికార్డుల నుంచి తీసిన ఆ లెక్కల్లో, చికిత్స తట్టుకోగల ఆరోగ్యవంతులనే ఎంచుకున్న ప్రభావం కలిసిపోయి ఉంది.

నిజమైన ప్రమాదం డిశ్చార్జి తర్వాత మొదలవుతుంది. ఒక పూస కొత్తగా విరిగిన మహిళల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఏడాది లోపే మరో పూస విరుగుతుందని 2001లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. సిమెంటు ఆ ఒక్క పూసనే పట్టి నిలుపుతుంది. తక్కిన పూసలు, తుంటి, మణికట్టు అంతే గుల్లగా ఉంటాయి. ఏడాదికోసారి సెలైన్‌తో ఎక్కించే జోలెండ్రోనిక్ ఆమ్లం మూడేళ్లలో పూసల పగుళ్లను 70 శాతం తగ్గించిందని 2007లో వెలువడిన భారీ అధ్యయనం చెప్పింది. వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర ఇంకా చవక. పూసలు వరుసగా విరుగుతున్నవారికి ఎముకను కొత్తగా పెంచే టెరిపారటైడ్ రోజువారీ ఇంజక్షన్ ఉంది. ఆరు నెలలకోసారి ఇచ్చే డెనోసుమాబ్‌ను మధ్యలో ఆపేస్తే ఒకేసారి అనేక పూసలు విరిగే ప్రమాదం ఉంది కాబట్టి, వరుసగా రాగలిగినవారికే మొదలుపెట్టాలి. వీటన్నిటికీ ముందు విటమిన్ డి, కాల్షియం, మూత్రపిండాల పనితీరు చూసుకోవాలి. ఈ మందుల్లో చాలావాటిని దేశీయ కంపెనీలే తయారుచేస్తున్నాయి. వేలకు వేలు పోసి సిమెంటు వేయించుకున్న మనిషికి ఏడాదికొక సెలైన్ రాయకపోవడం ఈ చికిత్సలో జరిగే అతిపెద్ద లోపం.

వ్యాయామం మాట కూడా డిశ్చార్జి కాగితంలోకి ఎక్కాలి. 1984లో మేయో క్లినిక్‌లో మెహర్‌షీద్ సినాకీ చేసిన చిన్న అధ్యయనంలో, వెన్ను గుల్లబారిన మహిళల్లో ముందుకు వంగే వ్యాయామాలు చేసిన వర్గంలో 89 శాతం మందికి కొత్తగా పూసలు అణిగాయి. వెనక్కి వంచే వ్యాయామాలు చేసినవారిలో 16 శాతం మందికి. అంటే పశ్చిమోత్తానాసనం, పాదహస్తాసనం ఇలాంటివారికి చేటు. వెన్ను కండరాలను బలపరిచేవి, నడక, తూలిపడకుండా నిలదొక్కుకునే సాధన మేలు. అమీర్‌పేటలోనే ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయం ఉంది. యోగా నేర్పేవారికి ఈ జాగ్రత్త తెలియజేయడానికి ఆ ఆవరణ కంటే అనువైన చోటు దొరకదు.

శాఖ చేయగల పనులు ఇందులోంచే తేలుతాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీకి ముందస్తు అనుమతి అనే బలమైన సాధనం ఉంది. 2023 డిసెంబరులో రాష్ట్రం దాని చికిత్స ఖర్చు పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచింది. సిమెంటు చికిత్సకు ప్రభుత్వ సొమ్ము ఏ పథకం కింద చెల్లించినా, స్టిర్ చిత్రం, పగులు ఎన్ని వారాలదన్న వివరం, అప్పటిదాకా వాడిన నొప్పి మందులు, ఎముకల మందు మొదలుపెట్టిన చీటీ ఈ నాలుగూ జతచేయకుండా అనుమతి ఇవ్వకూడదు. బెలూన్ కావాలంటే వెర్టిబ్రోప్లాస్టీ ఎందుకు చాలదో వైద్యుడు రెండు వాక్యాల్లో రాయాలి. అంగీకార పత్రం తెలుగులో, ఉర్దూలో ఉండాలి. చాలామందికి నొప్పి దానంతటదే తగ్గుతుందన్న వాక్యం అందులో మొదటే కనిపించాలి, సంతకం పెట్టేముందు ఇంట్లో చదివి వినిపించుకునే వ్యవధి ఇవ్వాలి.

స్కాట్లాండులోని గ్లాస్గోలో 1999లో ఒక ఏర్పాటు మొదలైంది. పగులుతో ఆసుపత్రికి వచ్చిన యాభై దాటిన ప్రతి మనిషినీ ఒక నర్సు పట్టుకుని, ఎముకల పరీక్ష చేయించి, మందు మొదలయ్యేదాకా వెంటపడుతుంది. ఇప్పుడు అనేక దేశాల్లో ఇది నడుస్తోంది. ఎముకల ఆసుపత్రిగానే పుట్టిన పంజాగుట్ట సంస్థలో అలాంటి సమన్వయ నర్సు పోస్టులు మంజూరు చేసి, ఎముకల విభాగం, న్యూరోసర్జరీ, రేడియాలజీ, ఎండోక్రినాలజీ నాలుగింటికీ ఒకే రిజిస్టరు పెట్టడం శాఖ చేతిలోని పని. సిమెంటు వేసిన ప్రతి రోగికీ ఆ రిజిస్టరులో పగులు వయసు, వాడిన పద్ధతి, అయిన ఖర్చు, రెండు వారాలకూ మూడు నెలలకూ నొప్పి స్థాయి, ఏడాదిలో మరో పూస విరిగిందా, మందు కొనసాగుతోందా అన్నవి నమోదు కావాలి. పేర్లు తీసేసిన ఆ లెక్కలను ఏటా తెలుగులో ప్రచురించాలి. అదే నమూనాను గాంధీ, ఉస్మానియా ఆసుపత్రులకూ, వరంగల్ ఎంజీఎంకూ పంపితే, ఏ పద్ధతి ఎవరికి పనికొస్తుందన్న ప్రశ్నకు ఈ రాష్ట్రపు రోగుల నుంచే జవాబు వస్తుంది.

ఇట్లు
అమీర్‌పేట పౌరుడొకరు